హద్దులు తెలిసినవాళ్లను ముందు పిలవాలి: 2011 జనగణనకు ఒక కోస్తా మునిసిపాలిటీ సిద్ధమైన తీరు

జనాభా లెక్కలు అనగానే గుర్తొచ్చేది ఫారాల కట్ట పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డ టీచరు. ఆ టీచరు ఏ గుమ్మం దగ్గర మొదలుపెట్టాలో, ఏ గుమ్మం దగ్గర ఆగాలో అంతకు చాలా ముందే ఎవరో తేల్చి ఉంచాలి. అక్కడ తేడా వస్తే టీచరు ఎంత నిజాయితీగా తిరిగినా ఒక సందు ఎవరి లెక్కలోకీ రాకుండా పోతుంది, లేదా ఇద్దరి లెక్కలోకీ వస్తుంది. 2011 జనగణన సమయంలో కోస్తాలోని ఒక మునిసిపాలిటీలో జనగణన సెల్ పనులు చూశాను. ఆ ఊళ్లో ప్లాను ఎలా వేశామో, మునిసిపాలిటీ నుంచి ఏం తీసుకున్నామో, ఏది కావాలనే తీసుకోలేదో రాస్తున్నాను. 2027 జనగణన పనుల్లో ఉన్నవాళ్లకు ఇది ఉపయోగపడాలని నా కోరిక.

చట్టం ప్రకారం జనగణన కేంద్రం పని. రాజ్యాంగంలోని కేంద్ర జాబితాలో 69వ అంశం. కానీ ఇంటింటికీ తిరగడానికి, జనగణన నడిపే రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయానికి సొంత సిబ్బంది ఉండరు. 2011లో దేశమంతటా తిరిగిన దాదాపు 27 లక్షల మందిలో ఎక్కువమంది టీచర్లు, మిగిలినవాళ్లు రాష్ట్ర ప్రభుత్వాల, స్థానిక సంస్థల ఉద్యోగులు. అడిగినప్పుడు స్థానిక సంస్థలు సిబ్బందిని ఇవ్వాలని 1948 జనగణన చట్టంలోని 4ఏ సెక్షన్ చెబుతుంది. జిల్లాలో కలెక్టరు ప్రధాన జనగణన అధికారి. మండలంలో తహసీల్దారు, మునిసిపాలిటీలో కమిషనరు చార్జ్ ఆఫీసర్లు, అంటే తమ పరిధిలో (దాన్నే చార్జ్ అంటారు) జనగణన పనికి బాధ్యులు. అంటే కాగితం మీద మునిసిపాలిటీ ఈ పనిలో మొదటినుంచీ భాగస్వామే.

అయితే చాలాచోట్ల ఆ భాగస్వామ్యం మనుషుల్ని ఇవ్వడం, శిక్షణకు హాలు ఇవ్వడం, ఫారాలకు ఒక గది తాళం ఇవ్వడం దగ్గరే ఆగిపోతుంది. మా అనుభవంలో అసలు విలువైనది వేరు. ఊళ్లో మనుషులు ఎక్కడెక్కడ ఉంటున్నారో మునిసిపాలిటీలో బాగా తెలిసింది కింది స్థాయి సిబ్బందికి. ఆ తెలివిడి ఏ రిజిస్టరులోనూ ఉండదు. దాన్ని హద్దులు గీసే దశలోనే ప్లానులోకి తెచ్చుకోవాలి. తర్వాత తెస్తే ఆలస్యమే.

పాత రిజిస్టరు, కొత్త ఊరు

2011 జనగణనకు పరిపాలనా హద్దులన్నీ 2009 డిసెంబరు 31న ఉన్నవి ఉన్నట్టు స్తంభింపజేశారు. ఆ తర్వాత జనగణన అయ్యేదాకా వార్డు హద్దు మారకూడదు, పంచాయతీని మునిసిపాలిటీలో కలపకూడదు. ఆ హద్దు లోపల ఊరంతటినీ ఎన్యూమరేషన్ బ్లాకులుగా విడగొట్టాలి. ఒక్కో బ్లాకులో సుమారు ఆరేడు వందల జనాభా ఉండాలి, ఒక బ్లాకు రెండు వార్డుల్లో పడకూడదు. ఆరు బ్లాకులకు ఒక సూపర్‌వైజర్. దీనిపైన పది శాతం మందిని రిజర్వులో పెట్టుకోవాలి.

మా చేతిలో ఉన్నది 2001 నాటి చార్జ్ రిజిస్టరు. అందులో హద్దుల్ని ఆనవాళ్లతో రాశారు: ఫలానా రైస్ మిల్లు గోడ నుంచి, ఫలానా సినిమా హాలు వెనక సందు దాకా. ఈ పదేళ్లలో మిల్లు స్థలంలో అపార్టుమెంట్లు లేచాయి, సినిమా హాలు కల్యాణ మండపం అయింది. డోర్ నంబర్లు మధ్యలో ఒకసారి మారాయి. కొన్ని ఇళ్లకు పాత నంబరు, కొత్త నంబరు రెండూ ఉన్నాయి, కొన్నిటికి ఏదీ లేదు.

మునిసిపాలిటీ దగ్గర ఆస్తి పన్ను పుస్తకం ఉంది కదా, దాని నుంచి ఇళ్ల సంఖ్య తీసి బ్లాకులు పంచేద్దామన్నది మొదట వచ్చిన సూచన. తేలిక పనే. కానీ పన్ను పుస్తకం లెక్కపెట్టేది పన్ను కట్టే కట్టడాల్ని. మూడంతస్తుల ఇల్లు, అందులో అయిదు కుటుంబాలు, అసెస్‌మెంట్ ఒకటే. కాలువ గట్టు మీద పొరంబోకులో వరసగా గుడిసెలు, అసెస్‌మెంటే లేదు. ఓటర్ల జాబితాలో పిల్లలు ఉండరు. రేషన్ కార్డుల్లో కుటుంబాలు విడివిడిగా కనిపిస్తాయి, ఇంట్లో మాత్రం వంట ఒకటే. జనగణన లెక్కలో ఉమ్మడిగా వండుకుని తినేవాళ్లు ఒక కుటుంబం. ఏ జాబితా అవసరం దానిది. ఒక జాబితా నమ్ముకుని బ్లాకులు పంచితే సంపన్న వీధుల్లో బ్లాకులు చిన్నవిగా, గుడిసెల వాడల్లో బ్లాకులు మోయలేనంత పెద్దవిగా వస్తాయి. మోయలేని బ్లాకులోనే మనుషులు తప్పిపోతారు.

వార్డుకొక బల్ల

అందుకని వార్డువారీగా కూర్చున్నాం. టౌన్ ప్లానింగ్ వాళ్ల పట్టణ పటాన్ని వార్డు ముక్కలుగా పెద్దది చేయించి బల్ల మీద పరిచాం. ప్రతి వార్డుకూ పిలిచినవాళ్లు శానిటరీ మేస్త్రీ, బిల్ కలెక్టరు, కుళాయి కనెక్షన్లు చూసే ఫిట్టరు, అంగన్‌వాడీ టీచరు, మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) మహిళా సంఘాల రిసోర్స్ పర్సన్. పై అధికారులు ఆ బల్ల దగ్గర లేకుండా చూసుకున్నాం, ఎందుకంటే కమిషనరు గారు పక్కనుంటే మేస్త్రీ నోరు విప్పడు.

తెలియని ఊరేదో మా ముందు పరుచుకున్నట్టయింది. బిల్ కలెక్టరు ఒక ఇంటిని చూపించి "ఇదొక్కటే ఇల్లండి" అంటే, మేస్త్రీ వెంటనే "ఇల్లు ఒకటే గానీ బాబూ, వెనకాల రేకుల షెడ్లలో ఇంకో నాలుగు సంసారాలున్నాయి. చెత్త అక్కడినుంచే తెస్తాం" అన్నాడు. ఫిట్టరుకు మూసి ఉన్న గొడౌను వెనక ఏ గదిలో వాచ్‌మన్ కుటుంబం ఉందో తెలుసు, వాళ్లకు నీళ్లు ఎక్కడినుంచి వెళ్తున్నాయో తెలుసు గనుక. అంగన్‌వాడీ టీచరుకు కడుతున్న అపార్టుమెంటు సెల్లార్లో కాపురాలు పెట్టిన కూలీల పిల్లలు తెలుసు. రిసోర్స్ పర్సన్‌కు ఏ వాడలో అద్దెకున్నవాళ్లు ఎక్కువో, ఎక్కడ ఆడవాళ్లు పొద్దున్నే పనికి పోయి రాత్రికి గానీ రారో తెలుసు. ఆ చివరి వివరం హద్దులకు సంబంధించింది కాదు. కానీ టీచరు ఏ వేళకు వెళ్లాలన్నది దాన్నిబట్టే నిర్ణయించాం.

పటం మీద గీసిన ప్రతి గీతకూ ఒక నియమం పెట్టుకున్నాం: ఆ హద్దు టీచరు కంటికి కనబడాలి. రోడ్డు, డ్రెయిను, కాలువ, రైలు పట్టాలు, స్కూలు ప్రహరీ ఏదైనా సరే. సర్వే నంబరు హద్దు కాదు, ఎందుకంటే అది నేల మీద కనబడదు. ఇళ్ల పెరటి గోడల మీదుగా పోయే గీత హద్దు కాదు, ఎందుకంటే రెండు వీధుల మధ్య పెరటి వైపు తెరుచుకునే వాటాలు సరిగ్గా అక్కడే ఉంటాయి. రోడ్డు హద్దైతే దాని ఏ పక్క ఏ బ్లాకుదో మాటల్లో రాయించాం. బల్ల మీద తేల్చినదాన్ని తర్వాత సూపర్‌వైజర్లు మేస్త్రీతో కలిసి నడిచి చూశారు. ఈ నడక లేకపోతే బల్ల దగ్గరి పనికి సగం విలువే.

మురికివాడల బ్లాకుల్ని గుర్తించే పని కూడా అదే బల్ల మీద చేశాం. 2011లో చట్టబద్ధ పట్టణాలన్నిటిలోనూ, అంటే మునిసిపాలిటీ లాంటి స్థానిక సంస్థ ఉన్న ఊళ్లన్నిటిలోనూ, స్లమ్ బ్లాకుల్ని విడిగా గుర్తించాలని ఆదేశం. ప్రభుత్వం నోటిఫై చేసినవి, గుర్తింపు ఉన్నవి మాత్రమే కాక, కనీసం 300 జనాభా లేదా 60, 70 కుటుంబాలు ఇరుకుగా, సౌకర్యాల్లేకుండా ఉన్న చోట్లనూ చేర్చాలి. మునిసిపల్ స్లమ్ జాబితాలో పేరుండి, నేల మీద పక్కా ఇళ్ల కాలనీగా మారిపోయినవి ఉన్నాయి. జాబితాలో లేకుండా కాలువ వెంట పెరిగినవీ ఉన్నాయి. ఈ రెండో రకాన్ని చూపింది శానిటేషన్ సిబ్బందే.

బిల్ కలెక్టరును గుమ్మం దగ్గరకు పంపలేదు

ఇక్కడొక నిర్ణయం గురించి వివరంగా చెప్పాలి. బిల్ కలెక్టర్లకు ఇళ్లు తెలుసు, మనుషులు తెలుసు, టీచర్లు చాలని చోట వాళ్లనే ఎన్యూమరేటర్లుగా (ఇంటింటికీ తిరిగి లెక్క రాసేవాళ్లుగా) వేయండన్న ఒత్తిడి వచ్చింది. పటం దగ్గర వాళ్ల సాయం పూర్తిగా తీసుకున్నాం, వాళ్లు తిరిగే వార్డులో మాత్రం లెక్కలకు పంపలేదు.

కారణం మామూలు మనిషికి తెలిసిందే. పన్ను వసూలుకు వచ్చే మనిషి ఫారం పట్టుకుని వచ్చి మేడ మీద ఎన్ని గదులున్నాయి, అద్దెకు ఎవరున్నారు అని అడిగితే ఇంటాయన ఏమనుకుంటాడు? పైన ఎవరూ లేరంటాడు. జనగణన మొదటి దశలో నింపే ఇళ్ల జాబితా ఫారంలో గదుల సంఖ్య, గోడ, పైకప్పు, సొంతిల్లా అద్దెదా అన్న ప్రశ్నలన్నీ ఉంటాయి. జనగణన చట్టం 15వ సెక్షన్ ప్రకారం ఆ వివరాలు ఎవరూ తనిఖీ చేయడానికి వీల్లేదు, కోర్టులో సాక్ష్యంగానూ పనికిరావు. ఆ మాట చట్టంలో ఉంటే చాలదు, గుమ్మం ముందున్న మనిషిని చూస్తే నమ్మబుద్ధి కావాలి.

రెవెన్యూ విభాగం నుంచి ఇంకో కోరిక కూడా వచ్చింది, ఇళ్ల జాబితా అయ్యాక అసెస్‌మెంట్ లేని ఇళ్ల వివరాలు ఇస్తారా అని. ఇవ్వడం కుదరదని కమిషనరు గారు ఫైలులోనే రాశారు. నా దృష్టిలో ఆ పట్టణంలో జనగణనకు మునిసిపాలిటీ చేసిన అతిపెద్ద సాయం ఆ నోటు. స్థానిక సంస్థ నుంచి జనగణనకు సమాచారం ఎంతైనా రావచ్చు, అటువైపు ఒక్క ఇంటి వివరమూ వెళ్లకూడదు. శిక్షణ తరగతుల్లో కమిషనరు గారు ఈ సంగతి తన నోటితో చెప్పారు. టీచర్లు ఆ మాటనే గుమ్మాల దగ్గర వాడుకున్నారు: "పన్నుకీ దీనికీ సంబంధం లేదమ్మా, ఈ కాగితం ఆఫీసులో ఎవరూ చూడరు."

టీచర్ల పంపకం

ఎన్యూమరేటర్లలో ఎక్కువమంది టీచర్లే. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం టీచర్లకు బోధనేతర పనులు వద్దంటూనే 27వ సెక్షన్‌లో పదేళ్ల జనగణనకు, విపత్తు సహాయానికి, ఎన్నికలకు మినహాయింపు ఇచ్చింది. కాబట్టి చట్టపరంగా ఇబ్బంది లేదు. ఇబ్బందంతా క్యాలెండరుతో. ఇళ్ల జాబితా, దానితోపాటు జాతీయ జనాభా రిజిస్టరు ఫారాలు 2010 వేసవిలో. అసలు జనాభా లెక్కింపు 2011 ఫిబ్రవరి 9 నుంచి 28 దాకా. అంటే పదో తరగతి పిల్లల రివిజన్ సమయం. పదో తరగతికి పాఠాలు చెప్పే టీచర్లను వదిలి ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలల నుంచి తీసుకోవాలని హెడ్మాస్టర్లతో ముందే మాట్లాడుకున్నాం. దాంతో కోర్టుకెళ్తామన్న మాటలు, చివరి నిమిషం మెడికల్ సర్టిఫికెట్లు బాగా తగ్గాయి. వీలైనంతవరకు టీచరు స్కూలున్న పేటలోనే బ్లాకు ఇచ్చాం. పిల్లల తల్లిదండ్రులు ఎదురొచ్చి కుర్చీ వేస్తారు.

మహిళా టీచర్లు ఎక్కువగా ఉండటం కలిసొచ్చింది. కుటుంబంలోని ఆడవాళ్ల పేర్లు చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదని, ఆచారం ప్రకారం భర్త పేరు పలకని స్త్రీ ఆ పేరు చెప్పనక్కర్లేదని చట్టమే అంటుంది. ఇది శిక్షణలో గట్టిగా చెప్పించాం.

పంచాయతీతో సరిహద్దు

పట్టణం లోపలి హద్దులకన్నా తలనొప్పి అంచు దగ్గర. కాలువ దాటాక ఒక కొత్త కాలనీ. కరెంటు, బస్సు, బజారు అన్నీ పట్టణానివే. ఇంటి పన్ను మాత్రం పంచాయతీకి. అక్కడివాళ్లను అడిగితే "మేం టౌనేనండి" అంటారు. జనగణన పద్ధతిలో ఇలాంటివాటికి ఔట్‌గ్రోత్ అనే ఏర్పాటుంది: రెవెన్యూ గ్రామంలో భాగమే అయినా పట్టణాన్ని ఆనుకుని, పట్టణ సౌకర్యాలతో పెరిగిన ప్రాంతాన్ని పట్టణ లెక్కతో కలిపి చూపుతారు. ముందే గుర్తిస్తే సరే. గుర్తించకపోతే మండల చార్జ్ వాళ్లు మునిసిపాలిటీదనుకుంటారు, మునిసిపల్ చార్జ్ వాళ్లు మండలానిదనుకుంటారు. టెన్షన్ అంతా అక్కడే.

దీనికి మేం చేసింది, తహసీల్దారు కార్యాలయంతో మాట్లాడి ఉమ్మడి నడక. పంచాయతీ కార్యదర్శి, వీఆర్వో, మునిసిపల్ సర్వేయరు, రెండు వైపుల సూపర్‌వైజర్లు కలిసి పట్టణం చుట్టూ హద్దు వెంట నడిచారు. వివాదం ఉన్న ప్రతి చోటా ఏ ఇల్లు ఎవరి వైపో రాసుకుని రెండు చార్జ్‌ల తరఫునా సంతకాలు చేశారు. ఆ కాగితం జిరాక్సులు ఫిబ్రవరి దాకా సూపర్‌వైజర్ల సంచుల్లోనే ఉన్నాయి.

పాలకవర్గం గడువు ముగిశాక

కౌన్సిలర్ల విషయంలో జాగ్రత్తగా నడిచాం. వార్డు రిజర్వేషన్లకు ఎస్సీ, ఎస్టీ జనాభా లెక్కలే ఆధారం. కాబట్టి తన వార్డులో ఏది చేరాలన్నదాంట్లో కౌన్సిలరుకు ఆసక్తి ఉండటం సహజం, అందుకే పటం బల్ల దగ్గరకు పిలవలేదు. ప్రచారంలో మాత్రం వాళ్ల సాయం చాలా విలువైంది. మైకు పెట్టి చెప్పించడం, అనుమానంతో తలుపులు తీయని వీధుల్లో టీచరు వెంట రెండడుగులు వేయడం వాళ్లే చేశారు.

2005 సెప్టెంబరులో ఎన్నికైన పాలకవర్గాల గడువు 2010 సెప్టెంబరుతో ముగిసింది. ఎన్నికలు జరగలేదు, ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. ఇళ్ల జాబితాకు ఉన్న కౌన్సిల్ జనాభా లెక్కింపు నాటికి లేదు. మధ్యలో కొందరు అధికారులు బదిలీ అయ్యారు. అయినా పని పెద్దగా కుంటుపడలేదంటే, బల్ల దగ్గర కూర్చున్న మేస్త్రీలు, ఫిట్టర్లు, అంగన్‌వాడీ టీచర్లు అక్కడే ఉన్నారు. వేసవిలో మరీ పెద్దవిగా తేలిన బ్లాకుల్ని ఫిబ్రవరిలోపు చీల్చాల్సి వచ్చినప్పుడు మళ్లీ వాళ్లనే పిలిచాం.

ఫిబ్రవరి 28 రాత్రి

ఇల్లు లేనివాళ్ల లెక్క ఒక్క రాత్రిలో, 2011 ఫిబ్రవరి 28న జరగాలి. రైల్వే ప్లాట్‌ఫారాలు, ఫుట్‌పాత్‌లు, మెట్ల కింద, హ్యూమ్ పైపుల్లో, గుళ్ల మండపాల్లో పడుకునేవాళ్లందరూ ఇందులోకి వస్తారు. తెల్లవారుజామున వీధులు ఊడ్చే పారిశుధ్య కార్మికులకన్నా ఈ జాబితా తెలిసినవాళ్లు ఊళ్లో ఉండరు. ఏ షట్టరు ముందు ఎవరు పడుకుంటారో, వాన వస్తే ఎటు జరుగుతారో వాళ్లకు తెలుసు. ముందుగా వాళ్లచేత చోట్లన్నీ చెప్పించి, ఆ రాత్రి ప్రతి ఎన్యూమరేటరు వెంట ఒక కార్మికుణ్నో కార్మికురాలినో పంపాం. పోలీసులు లేకుండా వెళ్లాం, ఖాకీ కనబడితే సగంమంది లేచి పోతారు. తెలిసిన మొహం పక్కనుంటే పడుకున్న మనిషి లేచి కూర్చుని పేరు చెబుతాడు.

ఆ అర్ధరాత్రి, అంటే మార్చి 1 సున్నా గంటలు, దేశం మొత్తానికి లెక్క నిలిచే క్షణం. తర్వాత మార్చి 1 నుంచి 5 దాకా మళ్లీ తిరిగి, అర్ధరాత్రికి ముందు పుట్టినవాళ్లను చేర్చి, చనిపోయినవాళ్లను తీసేయాలి. అర్ధరాత్రి దాటాక పుట్టిన బిడ్డ ఈ లెక్కలో ఉండదు. ప్రసూతి ఆసుపత్రులున్న బ్లాకుల్లో సూపర్‌వైజర్లు ఈ సంగతి విడిగా సరిచూశారు.

ఏం సాధించాం, ఏం మిగిలింది

లెక్కింపు తర్వాత చేసే సర్వే ప్రకారం 2011లో దేశం మొత్తం మీద వెయ్యికి 23 మంది లెక్క తప్పారు. అది నమూనా సర్వే, పట్టణానికొక అంకె ఇవ్వదు. మా పని ఎలా ఉందో వేరే గుర్తులతోనే తెలుసుకోవాలి. పక్కపక్క బ్లాకుల మధ్య "అది నాది కాదు" అన్న తగాదాలు వేసవిలో కొన్ని వచ్చాయి, ఫిబ్రవరికి దాదాపు లేవు. లెక్క అయ్యాక మా ఇంటికి ఎవరూ రాలేదన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం తాళం వేసి ఊరెళ్లిన ఇళ్లవి. హద్దుల మధ్య జారిపోయినవి అరుదు.

మిగిలిపోయింది ఇటుక బట్టీలు. ఫిబ్రవరి బట్టీలు ముమ్మరంగా నడిచే కాలం, ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలు అక్కడే గుడిసెలు వేసుకుని ఉంటాయి. బట్టీలు చాలావరకు పంచాయతీల్లో, మా చార్జ్‌కు ఆనుకుని. కార్మిక శాఖ వస్తుందేమోనన్న భయంతో యజమాని మనుషుల్ని తక్కువ చెబుతాడు. మాట్లాడటానికి ఒడియా వచ్చినవాళ్లు కావాలి. పంచాయతీ కార్యదర్శి చొరవ తీసుకున్న చోట పని జరిగింది, తీసుకోని చోట మేం బయటినుంచి చేయగలిగింది తక్కువ. నా అభిప్రాయంలో బట్టీలకు, చేపల చెరువుల మీది కాపలా గుడిసెలకు విడిగా బ్లాకులు వేసి విడిగా మనుషుల్ని కేటాయించాలి. మామూలు బ్లాకుకు తోకలా తగిలిస్తే ఆ తోకను టీచరు చివరి రోజుకు వాయిదా వేస్తారు.

2027కి

ఈసారి హద్దుల స్తంభన 2025 డిసెంబరు 31న. ఇళ్ల జాబితా 2026 ఏప్రిల్, సెప్టెంబరు మధ్య, జనాభా లెక్కింపు ఆధార సమయం మన దగ్గర 2027 మార్చి 1 సున్నా గంటలు. కాగితం ఫారాల బదులు మొబైల్ యాప్, ఇంటివాళ్లే వివరాలు నింపుకునే వీలు, ఉపగ్రహ చిత్రాల మీద బ్లాకులు గీసే సాఫ్ట్‌వేర్ వచ్చాయి. వీటన్నిటివల్ల చాలా శ్రమ తగ్గుతుంది. అయినా పైనుంచి తీసిన బొమ్మలో కనబడేది పైకప్పు. ఒక కప్పు కింద ఎన్ని వాటాలున్నాయో, సెల్లార్లో ఎవరున్నారో చెప్పాల్సింది ఇప్పటికీ మేస్త్రీయే. బ్లాకు గీసే కంప్యూటరు పక్కన వాళ్లకు కుర్చీ వేయాలి.

ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వార్డు సచివాలయాలు వచ్చాయి. శానిటేషన్, ప్లానింగ్, అమెనిటీస్ (పౌర సదుపాయాల) సెక్రటరీలు ఒకే చోట ఉంటారు. మేం వార్డువారీగా పోగుచేసుకున్న బల్ల వాళ్లకు ముందే సిద్ధంగా ఉంది. కానీ మా బిల్ కలెక్టరు సమస్యే ఇక్కడ కొత్త రూపంలో ఎదురవుతుంది. పింఛను, రేషన్ అర్హత చూసే ఆఫీసు మనిషే వచ్చి కుటుంబంలో ఎంతమంది అని అడిగితే, ఇంటివాళ్లు పథకానికి సరిపోయే కుటుంబాన్ని చెబుతారు, ఒక వంట తినే కుటుంబాన్ని కాదు. సచివాలయ సిబ్బందిని లెక్కింపుకు వేయక తప్పకపోతే వార్డులు మార్చి వేయండి. సూపర్‌వైజర్ సర్కిల్ (ఒక సూపర్‌వైజరు కిందుండే బ్లాకులన్నీ) మాత్రం వీలైనంతవరకు ఒకే సచివాలయం పరిధిలో ఉండేలా చూడండి, హద్దు సందేహం వస్తే ఎవర్ని అడగాలో సూపర్‌వైజరుకు తెలిసి ఉంటుంది. రెండు సచివాలయాల పరిధుల మధ్య పడే బ్లాకులుంటే, పట్టణ పొలిమేరలో చేసినట్టే, ఇద్దర్నీ కలిపి నడిపించి ఇద్దరి సంతకాలూ తీసుకోండి.